కెనడా పీఆర్ తీసి దాచుకోవచ్చా?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటున్నాం. నాకు 37, నా భార్యకు 32 ఏళ్లు. ఇద్దరం అమెరికాలోనే ఎమ్మెస్ చేశాం. నేను హెచ్-1బి వర్క్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఈబీ-2 గ్రీన్‌కార్డు వర్గంలో ఐ-140, అంటే కంపెనీ నాకోసం వేసిన పిటిషన్, అప్రూవ్ అయ్యి చాలా కాలమైంది, గ్రీన్‌కార్డు వరుసలో నా స్థానం చెప్పే ప్రయారిటీ డేట్ 2019. ఆవిడ నా వీసా మీద ఆధారపడిన హెచ్-4 ఈఏడీ (పని అనుమతి)తో నాలుగేళ్లుగా పనిచేస్తోంది. పాపకు ఆరేళ్లు, ఇక్కడే పుట్టింది. మా టీమ్‌లో ఈ మధ్య రెండు విడతలుగా మనుషుల్ని తీసేశారు. తర్వాతి వంతు నాదేనేమోనని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా) తీసి పక్కన పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది కదా అనిపిస్తోంది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఆరు నెలల్లో ఖాయం అంటూ ఐదు వేల డాలర్లు అడుగుతున్నారు, వారం రోజుల్లో కట్టమంటున్నారు. కెనడాకి అప్లై చేస్తే ఇక్కడి ఐ-140 దెబ్బతింటుందా? అమ్మ విజయవాడలో ఒక్కతే ఉంటోంది. కెనడా అయితే అమ్మను తెచ్చుకోవడం తేలికని అంటున్నారు, నిజమేనా?

సమాధానం: ముందు ఆ ఐదు వేల డాలర్లు కట్టకండి. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఇది మాత్రం ఈ వారమే జరిగిపోయేలా ఉంది కాబట్టి మొదట చెబుతున్నాను. పీఆర్‌కి పాయింట్ల లెక్కన మనుషుల్ని ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ పెట్టడానికి కెనడా ప్రభుత్వం ఒక్క డాలరు కూడా తీసుకోదు. ఎవరికి వారే పెట్టుకోవచ్చు, ఏడాది పాటు అది పూల్‌లో, అంటే దరఖాస్తుకు ఆహ్వానం కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో ఉంటుంది. ఇక వాళ్లు చెప్పే ఆరు నెలల లెక్క పూర్తిగా అబద్ధం కాదు, అందుకే నమ్మబుద్ధి అవుతుంది. మీకు ఆహ్వానం వచ్చి, కాగితాలన్నీ పెట్టి దరఖాస్తు వేశాక, దాన్ని తేల్చడానికి ఇమిగ్రేషన్ శాఖ పెట్టుకున్న గడువు ఆరు నెలలు. ఆ ఆహ్వానం ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఆ ఆరు నెలల్లో లేదు. అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఖాయం అనే మాట ఏ కన్సల్టెంటూ, ఏ లాయరూ చెప్పగలిగింది కాదు.

సాయం తీసుకోవడం తప్పని కాదు. డబ్బు తీసుకుని కెనడా ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే అక్కడి లాయరైనా కావాలి, కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్‌లో లైసెన్సు ఉన్నవారైనా కావాలి. ఆ సంస్థ వెబ్‌సైట్లో పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. మీకు ఫోన్ చేసినవాళ్ల లైసెన్సు నంబరు అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో చాలా ఫోన్లు ఆగిపోతాయి.

ఇప్పుడు మీరు అడిగిన పెద్ద ప్రశ్న. పీఆర్ అటక మీద పెట్టి అవసరమైనప్పుడు దించుకునే సామాను కాదు. పీఆర్ వచ్చాక ప్రతి ఐదేళ్లలో కనీసం 730 రోజులు కెనడాలో ఉండాలి. వరుసగా ఉండనక్కర్లేదు, కానీ మొత్తం కలిపి రెండేళ్లు కావాలి. అంటే ఒకసారి వెళ్లి ల్యాండ్ అయ్యి, తిరిగి డల్లాస్ వచ్చి ఉద్యోగం చేసుకుంటే మీకు దొరికేది గట్టిగా మూడేళ్ల వెసులుబాటు. ఆ తర్వాత కూడా మీరు ఇక్కడే ఉంటే, మళ్లీ బోర్డర్ దగ్గరో, కార్డు రెన్యూవల్ దగ్గరో జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. మూడేళ్ల ధైర్యం కూడా ధైర్యమే, కాదనను. కానీ దానికోసం ఇంత డబ్బు, ఇన్ని సాయంత్రాలు పెట్టేముందు భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక మాట తేల్చుకోవాలి: ఉద్యోగం పోకపోయినా సరే, ఈ మూడేళ్లలో నిజంగా బయల్దేరతామా? అవును అయితే ఇది చేయదగ్గ పని. ఉద్యోగం పోతే చూద్దాం అనుకుంటే మాత్రం, ఆ కార్డు చేతికొచ్చేసరికి మీకు దాని అవసరం ఉండకపోవచ్చు, అవసరం వచ్చేసరికి దాని గడువు దగ్గరపడి ఉండొచ్చు.

ఇందుకు ఇంకో కారణం కూడా ఉంది. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికో, స్టేటస్ మార్చుకోవడానికో మీకు ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ అరవై రోజుల్లో కెనడా పీఆర్ ఎవరికీ రాదు. కాబట్టి దాన్ని ఉద్యోగం పోయాక ఆదుకునే దారిగా చూడకండి. ఉద్యోగం ఉండగానే మొదలుపెట్టే పని అది.

మీ స్కోరు చూద్దాం. మీ ఉత్తరం చదివితే మీ పేరు మీదే అప్లై చేస్తారన్నట్టు ఉంది. ఆ అలవాటు మన ఇళ్లలో ఉంది, భర్త మెయిన్ అప్లికెంట్, భార్య డిపెండెంట్. కెనడాకి ఆ పట్టింపు లేదు. ఇద్దరిలో ఎవరి పేరు మీదైనా వేయొచ్చు, వస్తే ఇంటిల్లిపాదికీ వస్తుంది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో లెక్కేసే పాయింట్లలో, అంటే సీఆర్ఎస్ స్కోరులో, వయసుకు చాలా బరువుంది. 20 నుంచి 29 ఏళ్ల మధ్య పూర్తి పాయింట్లు, 30 నుంచి ఏడాదికేడాది తగ్గుతూ 45కి సున్నా. జీవిత భాగస్వామితో కలిసి వేసేటప్పుడు 37 ఏళ్లకు 60 పాయింట్లు, 32 ఏళ్లకు 85. మిగతా అంతా, అంటే మాస్టర్స్, మూడేళ్లు దాటిన అనుభవం, ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో లిజనింగ్ 8, మిగతా మూడింటిలో 7 చొప్పున ఇద్దరికీ సమానంగా ఉన్నాయనుకుంటే మీ పేరు మీద 432 వస్తుంది. అవే కాగితాలు ఆవిడ పేరు మీద వేస్తే 457. రూపాయి ఖర్చు లేకుండా 25 పాయింట్లు. ఆవిడ ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్ 8.5, రీడింగ్ 8, రైటింగ్, స్పీకింగ్ 7.5 చొప్పున తెచ్చుకుంటే ఇంకో 12 కలుస్తాయి. తొందరపెడుతున్నానని కాదు గానీ, ఆవిడ 33లోకి అడుగుపెట్టిన రోజున ఐదు తగ్గుతాయి.

ఇంతవరకూ చదివి సంతోషపడకండి. 457 గానీ, 469 గానీ ప్రస్తుతానికి సరిపోవు. ఈ సంగతి మీ కన్సల్టెన్సీ మీకు చెప్పి ఉండాల్సింది. ఒకప్పుడు పూల్‌లో ఉన్నవాళ్లందరినీ స్కోరు వరుసలో పిలిచేవారు. 2024 ఏప్రిల్‌లో జరిగిన అలాంటి డ్రాలో, అంటే ఒక విడత పిలుపులో, 529 దగ్గర గీత గీశారు, అంతకు తక్కువ ఉన్నవాళ్లను పిలవలేదు. ఆ తర్వాత 2025 అంతా అలాంటి సాధారణ డ్రా ఒక్కటీ జరగలేదు. కెనడాలో ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లకు విడిగా, ప్రావిన్సులు (అక్కడి రాష్ట్రాలు) తామే ఎంపిక చేసినవాళ్లకు విడిగా, ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు, వైద్య రంగంలో ఉన్నవాళ్లకు, వడ్రంగం, ప్లంబింగ్ లాంటి పనులవాళ్లకు, టీచర్లకు విడిగా పిలుస్తూ వచ్చారు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) అనే ఒక వర్గం ఉంది కదా, సాఫ్ట్‌వేర్ అందులోకే వస్తుంది కదా అని మీకు అనిపించొచ్చు. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితాను సవరించినప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లను, డెవలపర్లను అందులోంచి తీసేశారు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లు ఉన్నారు, సైబర్ సెక్యూరిటీ ఉంది.

దీని వెనక ఉన్న కారణం కూడా తెలియాలి, లేకపోతే మన దురదృష్టం అనుకుంటాం. ఇళ్ల అద్దెలు, ఆస్పత్రుల రద్దీ పెరిగాయని అక్కడి జనంలో అసంతృప్తి వచ్చింది, ప్రభుత్వం సంఖ్య తగ్గించింది. 2025కి ఐదు లక్షల మందిని తీసుకుంటామని ముందు చెప్పి, తర్వాత దాన్ని 3,95,000కి దించారు. 2026 నుంచి మూడేళ్ల పాటు ఏటా 3,80,000 అన్నారు. అందులోనూ ఇప్పటికే దేశంలో ఉన్నవారికి ముందు చోటిస్తున్నారు. సరిహద్దు ఇవతల కూర్చుని, పెళ్లయి, ముప్పై దాటిన ఐటీ మనిషికి ఈ దారి ఇరుకైంది. మూసుకుపోలేదు.

మీకున్న దారుల్లో నాకు అన్నిటికన్నా నమ్మకంగా కనిపిస్తున్నది ఫ్రెంచ్. నవ్వుకోకండి. ఫ్రెంచ్ ప్రధాన భాషైన క్యూబెక్ ప్రావిన్సు బయట ఫ్రెంచ్ మాట్లాడేవారి సంఖ్య తగ్గిపోకుండా చూడాలన్నది అక్కడి ప్రభుత్వ లక్ష్యం. 2025లో క్యూబెక్ కాకుండా మిగతా ప్రావిన్సులకు వచ్చే పీఆర్‌లలో 8.5 శాతం, 2026లో 9 శాతం ఫ్రెంచ్ వచ్చినవాళ్లు ఉండాలని లెక్క పెట్టుకున్నారు. అందుకే ఆ డ్రాలు వేల సంఖ్యలో జరుగుతున్నాయి, గీత కూడా బాగా కింద ఉంటోంది. 2025లో ఫ్రెంచ్ డ్రాలు 379 నుంచి 481 మధ్య ఆగాయి. టీఈఎఫ్ కెనడా లేదా టీసీఎఫ్ కెనడా అనే ఫ్రెంచ్ పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ కెనడా కొలమానం ప్రకారం ఏడో స్థాయి తెచ్చుకుంటే చాలు. ఆవిడ 457కి రెండో భాషగా 12, అదనంగా 50 కలిపి 519 అవుతుంది, పైగా ఆ డ్రాకు అర్హత వస్తుంది. క్యూబెక్‌కి వెళ్లనక్కర్లేదు. నిజానికి క్యూబెక్‌లో ఉంటామంటే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ కుదరదు, ఆ ప్రావిన్సు ఎంపిక పద్ధతి వేరు.

సున్నా నుంచి ఏడో స్థాయికి రావడం చిన్న పని కాదు. ఉద్యోగం, పాప, ఇల్లు పెట్టుకుని రోజుకు గంట రెండు గంటలు చదివితే ఏడాది పైనే పడుతుందని మనసులో పెట్టుకోండి. మూడు నెలల్లో నేర్పిస్తామనే కోర్సులు కూడా ఆ కన్సల్టెన్సీ లాంటివే. చదవడం, వినడం ముందు పట్టుబడతాయి. మాట్లాడటం, రాయడం దగ్గరే చాలామంది ఆరో స్థాయిలో ఆగిపోతున్నారు, అందుకని మొదటి నుంచీ ఎవరితోనైనా మాట్లాడే ఏర్పాటు ఉండాలి. ఆ ఐదు వేల డాలర్లలో సగం మంచి టీచరుకి పెట్టండి. ఇద్దరూ కలిసి మొదలుపెట్టండి, ఎవరికి ముందు పట్టుబడితే వాళ్ల పేరు మీద వేయొచ్చు. మీకు ముందు వచ్చినా నష్టమేమీ లేదు: 432కి అవే 62 కలిస్తే 494.

రెండో దారి మీ కంపెనీయే. కెనడాలో వాళ్లకు ఆఫీసు ఉందేమో చూడండి. గత మూడేళ్లలో కనీసం ఏడాది వరుసగా ఇక్కడ ఆ కంపెనీలోనే పనిచేసి ఉండి, మేనేజరు స్థాయి గానీ, ఆ కంపెనీకే ప్రత్యేకమైన పరిజ్ఞానం గానీ ఉంటే ఇంట్రా కంపెనీ ట్రాన్స్‌ఫర్‌గా వర్క్ పర్మిట్ అడగొచ్చు. ప్రత్యేక పరిజ్ఞానం అన్నదాన్ని ఈ మధ్య గట్టిగా పరీక్షిస్తున్నారు, కాబట్టి కాగితం బలంగా ఉండాలి. వేరే కెనడా కంపెనీలో ఆఫర్ వస్తే త్వరగా వర్క్ పర్మిట్ ఇచ్చే గ్లోబల్ టాలెంట్ స్ట్రీమ్ ఉంది. 2017లో పెట్టారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఆ జాబితాలో ఉన్నాయి, ప్రమాణంగా పెట్టుకున్న గడువు రెండు వారాలు. మీది ఆ స్థాయి ఉద్యోగమైతే ఆవిడకు ఓపెన్ వర్క్ పర్మిట్ కూడా వస్తుంది.

కానీ ఇక్కడొక మెలిక ఉంది. ఏడాది అక్కడ పనిచేస్తే పీఆర్ దానంతటదే వస్తుందని చాలామంది బయల్దేరుతున్నారు. మీ ఇద్దరికీ ఏడాది కెనడా అనుభవం కలిపి, ఆ ఏడాదిలో వయసు పెరిగినందుకు పోయే ఐదు తీసేసి చూస్తే ఆవిడ స్కోరు 492 దగ్గర తేలుతుంది. అక్కడ పనిచేస్తున్నవాళ్ల డ్రాలు 2025లో 510 పైనే ఆగాయి. అంటే వెళ్లాక కూడా ఫ్రెంచో, ప్రావిన్సు నామినేషనో (ఒక ప్రావిన్సు మిమ్మల్ని ఎంపిక చేయడం) కావాలి. నామినేషన్ వస్తే ఒక్కసారే 600 పాయింట్లు కలుస్తాయి, ఇక వెనక్కి చూసుకోనక్కర్లేదు. 2024లో 1,10,000 ఉన్న ప్రావిన్సుల కోటాను 2025లో 55,000కి కోసేశారు, 2026కి మళ్లీ 91,500కి పెంచారు. ఆ పెరుగుదలలో మొదటి వంతు ఆ ప్రావిన్సులోనే ఉద్యోగం చేస్తున్నవాళ్లకు దక్కుతుంది, ఎందుకంటే చాలా ప్రావిన్సులు వాళ్లనే ముందు చూస్తున్నాయి. కాబట్టి ట్రాన్స్‌ఫర్ దొరికితే టొరంటోయే కావాలని పట్టుబట్టకండి. కాల్గరీ, హాలిఫాక్స్, సస్కటూన్ లాంటి చోట్ల అద్దె కూడా తక్కువ.

హెచ్-1బి వాళ్లకు ప్రత్యేక దారి అని మీరు వినే ఉంటారు. 2023 జులై 16న అలాంటిదొకటి తెరిచారు, పదివేల మందికి మూడేళ్ల వరకు ఓపెన్ వర్క్ పర్మిట్. మర్నాటికే నిండిపోయి మూసేశారు. 2025 నవంబరు బడ్జెట్లో హెచ్-1బి వాళ్లకు వేగవంతమైన మార్గం తెస్తామని మళ్లీ ప్రకటించారు. దాన్ని చూపించి ఇప్పుడే సీటు బుక్ చేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. 2023లో దొరికించుకున్నది తలుపు తెరిచేసరికి కాగితాలు చేతిలో పెట్టుకున్నవాళ్లు.

ఆ కాగితాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. మొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, బీటెక్ డిగ్రీలో పూర్తిగా, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో, అమెరికా డిగ్రీలో ముందు వెనకలుగా ఉంటుంది. ఆడవాళ్లకైతే పెళ్లికి ముందు ఇంటిపేరు, తర్వాత ఇంటిపేరు అని ఇంకో ముడి. ఇవన్నీ ఒకే మనిషివి అని చెప్పే ఆధారం, అంటే మ్యారేజ్ సర్టిఫికెట్, అవసరమైతే అఫిడవిట్, ఇప్పుడే సిద్ధం చేసుకోండి. చదువుల మూల్యాంకనం, అంటే ఈసీఏ, అమెరికా మాస్టర్స్‌కి కూడా చేయించాలి, ఇండియా డిగ్రీకి మాత్రమే అనుకోవద్దు. ఆ మూల్యాంకనం చేసే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలకు ట్రాన్‌స్క్రిప్టులు యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్లాలి. ఇండియా నుంచి అవి కదలడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది, అక్కడ మీ తరఫున తిరిగే మనిషి కావాలి. ఈసీఏ ఐదేళ్లు, భాష పరీక్ష ఫలితం రెండేళ్లు చెల్లుతాయి. అందుకని ఈసీఏ ముందు, పరీక్ష తర్వాత.

రెండోది అనుభవం లెటర్లు. చేరిన తేదీ, మానేసిన తేదీ మాత్రమే ఉన్న సర్వీస్ సర్టిఫికెట్ చాలదు. హోదా, చేసిన పనులు, వారానికి గంటలు, జీతం అన్నీ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. వెండర్ల ద్వారా క్లయింటు దగ్గర పనిచేసినవాళ్లకు ఆ లెటరు పేరోల్ ఇచ్చిన ఎంప్లాయర్ నుంచే రావాలి. ఇప్పుడు ఉద్యోగంలో ఉండగా హెచ్ఆర్‌ని అడగడం తేలిక, తీసేశాక అడగడం కష్టం. అందుకని ఇద్దరూ ఈ నెలలోనే అడగండి.

ఇక్కడ ఒక మాట గట్టిగానే చెప్పాలి. రెజ్యూమేలో ఏళ్లు పెంచి చూపించడం, లేని కంపెనీలో పనిచేసినట్టు లెటరు కొనుక్కోవడం, జాబ్ ఆఫర్ కొనుక్కోవడం మన మధ్య జరుగుతోంది. మీ కన్సల్టెన్సీ ఆ ప్రస్తావన తెస్తే అక్కడే ఫోను పెట్టేయండి. జాబ్ ఆఫర్‌కి ఇచ్చే పాయింట్లను 2025 మార్చి 25 నుంచి తీసేశారు, అలా అమ్ముకోవడం ఆగాలనే తీసేశారు. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే ఐదేళ్లు కెనడా తలుపు మూసేస్తారు, అది కుటుంబం మొత్తానికి తగులుతుంది. అమెరికా, కెనడా ఇమిగ్రేషన్ సమాచారం పంచుకుంటాయి. హెచ్-1బి, ఐ-140 కాగితాల్లో మీరు చెప్పిన ఉద్యోగాలు, తేదీలు కెనడా దరఖాస్తులోనూ అచ్చంగా అవే ఉండాలి.

ఆహ్వానం వచ్చాక దరఖాస్తుకు 60 రోజులే గడువు. గత పదేళ్లలో ఆరు నెలలు వరుసగా ఎక్కడ ఉన్నా ఆ దేశం నుంచి పోలీసు సర్టిఫికెట్ కావాలి. అమెరికాకి ఎఫ్‌బీఐ ఇచ్చేది, ఇండియాకి పీసీసీ. 2025 ఆగస్టు 21 నుంచి వైద్య పరీక్ష కూడా దరఖాస్తుకు ముందే చేయించుకోవాలి. డబ్బు విషయానికొస్తే, ముగ్గురి కుటుంబానికి 2025 జులై లెక్క ప్రకారం 23,360 కెనడా డాలర్లు చేతిలో ఉన్నట్టు చూపించాలి. ఇల్లు, స్థలం విలువ లెక్కలోకి రావు, అప్పు తెచ్చి పెట్టినది పనికిరాదు, గత ఆరు నెలల సగటు నిల్వ అడుగుతారు. నిన్న మొన్న ఒకేసారి పెద్ద మొత్తం పడితే అది ఎక్కడిదో చెప్పుకోవాలి. 2024 ఏప్రిల్ 30న పెంచిన ఫీజుల ప్రకారం పెద్దవాళ్లకు తలా 1,525, పాపకు 260 కెనడా డాలర్లు. రెండేళ్లకోసారి సవరిస్తారు కాబట్టి కట్టేనాటికి చూసుకోండి. ముగ్గురికీ కలిపినా కన్సల్టెన్సీ అడిగిన దానికన్నా తక్కువే.

పాప అమెరికా పౌరురాలు కదా, ఆమెకు వేయనక్కర్లేదు అనుకునేవాళ్లున్నారు. తప్పకుండా వేయాలి. అమెరికా పాస్‌పోర్టుతో కెనడాలో చుట్టపుచూపుగా ఉండొచ్చు గానీ, అక్కడ స్థిరపడటానికి ఆమెకూ పీఆర్ కావాలి. ఇంట్లో ఎవరినైనా దరఖాస్తులో చెప్పకుండా వదిలేస్తే, తర్వాత ఫ్యామిలీ క్లాస్‌లో వాళ్లను స్పాన్సర్ చేసే దారి సాధారణంగా మూసుకుపోతుంది. వెంట రాకపోయినా పేరు రాయాల్సిందే.

మీ ఐ-140కి ఈ దరఖాస్తు వల్ల ఏమీ కాదు. పక్క దేశంలో పీఆర్ అడగడం అమెరికా గ్రీన్‌కార్డు ఉద్దేశానికి అడ్డు కాదు. అప్రూవ్ అయ్యి 180 రోజులు దాటాక కంపెనీ వెనక్కి తీసుకున్నా మీ 2019 ప్రయారిటీ డేట్ మీకే ఉంటుంది, రేపు ఇంకో కంపెనీ కొత్త ఐ-140 వేసినా ఆ తేదీ వాడుకోవచ్చు. నేను భయపడేది వేరే విషయానికి. కెనడా వెళ్లి నచ్చకపోతే మళ్లీ హెచ్-1బి మీద వచ్చేయొచ్చులే అనే లెక్క ఇప్పుడు పాతబడింది. 2025 సెప్టెంబరులో వచ్చిన అధ్యక్ష ప్రకటన, అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపు పెట్టింది. చెల్లే హెచ్-1బి వీసా చేతిలో లేకుండా బయటికెళ్లి, తర్వాత కొత్త పిటిషన్‌తో రావాలంటే అది మీ దారిలో నిలబడుతుంది. కాబట్టి బయల్దేరే ముందు మీ కంపెనీ లాయరు కాకుండా, మీ తరఫున మాట్లాడే అమెరికా ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట కూర్చోండి. ఆ ఫీజు వృథా కాదు.

కెనడా పౌరసత్వం వచ్చాక టీఎన్ (కెనడా, మెక్సికో పౌరులకు అమెరికా ఇచ్చే పని హోదా) మీద అమెరికాలో పనిచేయొచ్చు, అది నిజం. దానికి పీఆర్ చాలదు, పౌరసత్వమే కావాలి. దరఖాస్తుకు ముందు ఐదేళ్లలో 1,095 రోజులు కెనడాలో ఉండాలి. కెనడా పాస్‌పోర్టు వచ్చినంత మాత్రాన గ్రీన్‌కార్డు వరుస మారదని కూడా తెలుసుకోండి. ఆ వరుస పుట్టిన దేశాన్ని బట్టి. మీరిద్దరూ ఇండియాలో పుట్టినవాళ్లైతే ఏ పాస్‌పోర్టు ఉన్నా ఇండియా వరుసే. మీ పాపకు 21 వచ్చాక తల్లిదండ్రులకు తను వేయొచ్చు, దానికి దేశాలవారీ కోటా లేదు. అంటే పదిహేనేళ్లు. ఈబీ-2 ఇండియా నడిచే తీరు చూస్తే ఏది ముందు వస్తుందో పందెం వేయడం కష్టం.

జీతం గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. అదే పనికి కెనడాలో డల్లాస్ కన్నా తక్కువ వస్తుంది, పన్ను ఎక్కువ, టొరంటో, వాంకూవర్లలో ఇల్లు చాలా ఖరీదు. ఎదురుగా ఉన్నదేమిటంటే, ఉద్యోగం పోయినా దేశం విడిచి వెళ్లమని ఎవరూ అనరు. ఆవిడ ఈఏడీ రెన్యూవల్ కోసం ఎదురుచూడనక్కర్లేదు, తన ఉద్యోగం మీ స్టేటస్ మీద ఆధారపడదు. మీరు నిద్ర పట్టడం లేదని రాశారు. ఈ తూకంలో ఆ నిద్రకు ఎంత విలువ కడతారో మీరే చెప్పాలి, ఆవిడ జవాబు మీ జవాబు కన్నా వేరుగా ఉన్నా ఆశ్చర్యపోకండి. ముందు ఆవిణ్ని అడగండి.

ఇక అమ్మగారు. అమ్మానాన్నలకు పీఆర్ స్పాన్సర్ చేసే కార్యక్రమం ఉంది గానీ, కొత్తగా పేర్లు తీసుకోవడం 2020తో ఆగింది, ఆ తర్వాత 2025 దాకా అప్పుడు పేర్లిచ్చినవాళ్లనే పిలుస్తూ వచ్చారు. దాన్ని నమ్ముకుని వెళ్లకండి. సూపర్ వీసా మాత్రం నిజంగా మేలైనది. పదేళ్ల దాకా ఇస్తారు, వచ్చినప్పుడల్లా ఒకేసారి ఐదేళ్లు ఉండొచ్చు. అమెరికాలో విజిటర్‌గా వస్తే మామూలుగా ఆరు నెలలిస్తారు, తేడా మీకే తెలుస్తోంది. దానికి కావలసినవి మీ కుటుంబ ఆదాయం ప్రభుత్వం చెప్పిన కనీస మొత్తానికి తగ్గకుండా ఉండటం, అమ్మగారికి వైద్య పరీక్ష, కనీసం ఏడాదికి లక్ష కెనడా డాలర్ల ప్రైవేటు ఆరోగ్య బీమా. అమ్మగారికి బీపీ, షుగర్ లాంటివి ఉంటే ఆ బీమా ధర బాగా పెరుగుతుంది, కొన్ని పాలసీలు ముందు నుంచీ ఉన్న జబ్బులకు డబ్బివ్వవు. ఆవిడ వయసు, మందుల జాబితా దగ్గర పెట్టుకుని రెండు మూడు కంపెనీల దగ్గర ధర కనుక్కోండి. ఆమె పాస్‌పోర్టు గడువు కూడా చూడండి, తక్కువే ఉంటే విజయవాడలోనే ఇప్పుడే రెన్యూవల్ చేయించండి.